సూడి గొర్రెలకు చలికాలపు మేత

మా నాన్న గ్రేటర్ నోయిడాకు వచ్చింది ఒక డిసెంబరులో. అంతకుముందు ఏడాది అమ్మ పోయింది. ఆ తర్వాత మా అనంతపురం వైపు వానలు లేక, మేత దొరక్క, మందనంతా అమ్మేశాడు. ఒక్కడే ఉంటూ సరిగా తినడం కూడా లేదని తెలిసి, నేనే వెళ్లి వెంటబెట్టుకొచ్చాను. అప్పుడు నేను ఇక్కడొక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున కాలేజీ బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే. ఆయనకు హిందీ రాదు. కంబళి కప్పుకుని బాల్కనీలో కూర్చుని పొగమంచుకేసి చూస్తూ ఉండేవాడు.

ఒక ఆదివారం ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"గొర్రె అరుస్తాంది" అన్నాడు.

నాకేమీ వినిపించలేదు. ఆయన చెప్పులేసుకుంటే నేనూ వెంట నడిచాను. మా కాలనీ గోడ వెనక ఒక పాత ఊరు మిగిలి ఉంది. చివరింటి ముందు, రేకుల చావడిలో పదకొండు గొర్రెలు భూసా, అంటే గోధుమ గడ్డి పొట్టు, నములుతున్నాయి. పక్కనే మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన గొర్రెలు మేసే బీడంతా ప్లాట్లయిపోయి, చుట్టూ కంచె పడిందట. అందుకే ఆ చలికాలం భూసాతోనే నెట్టుకొస్తున్నానన్నాడు.

నాన్న అనుమతి కూడా అడక్కుండా ఒక గొర్రె దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఉన్నిలోకి చెయ్యి పోనిచ్చి వీపంతా తడిమాడు.

"వెన్నుపూస చేతికి తగులుతాంది. ఇది సూడిది. ఇట్లాంటివి ఐదుండాయి. ఒట్టి భూసాతో కడుపు నిండుతాది గానీ సత్తువ రాదు. ఆయప్పకు చెప్పమ్మా."

చెప్పాను. ముసలాయన నాన్నను ఎగాదిగా చూశాడు.

"ఈయన ఎవరు బేటీ? డాక్టర్ సాబా?"

కాలేజీలో అందరికీ మా నాన్న వ్యవసాయం చేస్తాడనే చెప్పుకున్నాను.

"కాదు బాబా. నలభై ఏళ్లు గొర్రెలు కాశారు" అన్నాను. ఈ ఊళ్లో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"అచ్ఛా, ముందే చెప్పొచ్చు కదా. కూర్చోమను" అంటూ ఆయన మంచం మీద జరిగి చోటిచ్చాడు.

మర్నాటి నుంచి నాన్న రోజూ అక్కడికే. సూడి గొర్రెల్ని విడిగా కట్టించాడు. కడుపులో పిల్ల పెరిగేకొద్దీ మేతకు చోటు తగ్గుతుందని, అందుకే కొద్దిగా తిన్నా బలమొచ్చేది పెట్టాలని నాచేత చెప్పించాడు. నానబెట్టిన శనగ పొట్టు, నలగ్గొట్టిన బార్లీ, గుప్పెడు నూనె తీసిన ఆవ చెక్క పెట్టసాగారు. అదీ ఒక్కసారిగా కాదు, నాలుగు రోజులకొక గుప్పెడు చొప్పున పెంచుతూ. పొరుగు పొలంలో బర్సీమ్ అనే పచ్చగడ్డి దొరికేది. మంచు ఆరాక కోసి, భూసాలో కలిపి వేసేవారు. తాగడానికి గోరువెచ్చని నీళ్లు. వారం తిరిగేసరికి నాన్నకు నీళ్లకు 'పానీ', చాలు అనడానికి 'బస్' వచ్చేశాయి. ముసలాయన 'మేత', 'చాలు' నేర్చుకున్నాడు. నా అవసరం తగ్గిపోయింది.

జనవరిలో పొగమంచుకి కాలేజీ మూసేసిన రోజు, నాన్న పొద్దున్నే గబగబా వెనక్కొచ్చాడు.

"పెద్ద గొర్రె మేత ముట్టడంలే. ఇంట్లో బెల్లముందా?"

మేం వెళ్లేసరికి ఆ గొర్రె గోడకు తల ఆనించి నిలబడి ఉంది. నడిపిస్తే తూలుతోంది. కడుపులో కవలలున్నాయని, వాటికే తన ఒంట్లో బలమంతా పోతోందని నాన్న అన్నాడు. బెల్లం నీళ్లు సీసాలో పోసి, నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా తాపాడు.

"తల పైకెత్తొద్దని ఆయప్పకు చెప్పు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మధ్యాహ్నం వచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు. బెల్లం నీళ్లు ఆపొద్దన్నాడు. నాలుగు రోజులు ఇద్దరు ముసలివాళ్లూ విడవకుండా పట్టించారు. ఐదో రోజు నేను వెళ్లేసరికి నాన్న అరచేతిలో నాలుగు బర్సీమ్ రెమ్మలు పట్టుకుని కూర్చున్నాడు. గొర్రె వాసన చూసి, ఒక రెమ్మ అందుకుంది. కాసేపటికి రెండోది. ఆయన చెయ్యి కదపకుండా అలాగే ఉంచాడు.

పది రోజులకు అది ఈనింది. మొదటి పిల్లలో ప్రాణం లేదు. నాన్న దాన్ని గోనెపట్టాలో చుట్టి పక్కన పెట్టాడు. రెండోదాని ముక్కు తుడిచి, ఒళ్లంతా రుద్ది, పొదుగు దగ్గర పెట్టాడు. అది రెండుసార్లు పడి, మూడోసారి నిలబడి చన్ను అందుకుంది.

"జున్నుపాలు తాగింది. ఇంక బతుకుతాది" అన్నాడు.

"బతుకుతుందట" అని నేను హిందీలో చెప్పబోతే, ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. ఆయనకు అప్పటికే అర్థమైంది.

మిగిలిన నాలుగూ ఏ ఇబ్బందీ లేకుండా ఈనాయి.

మార్చిలో ఒక సాయంత్రం అన్నం తింటూ నాన్న అన్నాడు: "ఊరికి టికెట్ తియ్యమ్మా. నాలుగు గొర్రెలతో మొదలుపెడతా. ఈసారి ముందే చేన్లో ఒక మూల మేతజొన్న చల్లుకుంటా. చలికాలానికి ఎండగట్టి దాచుకోవచ్చు."

అమ్మ పోయాక ఆయన రాబోయే ఏడాది గురించి మాట్లాడడం అదే మొదలు. ఇంకొంచెం అన్నం వడ్డించాను. వద్దనలేదు.