నా రంగు చూడకుండా వేసిన లైటు

ఆ రోజు మగ్గం దగ్గర కూర్చుని పడుగు అతుకుతున్నాను. మదనపల్లెలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే కలిపి, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టాలి. ఉన్నట్టుండి పోగు రెండుగా కనబడింది. కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ఆపైన ధారగా నీళ్ళు. అవే బూడిద వేళ్ళతో నలిపాను. మా పనిలో అందరం అంతే చేస్తాం.

"ఏమ్మే, యాల ఏడస్తాండావు? నిన్ను ఈడ ఎవురేమన్నారని?" అంది మా అత్త.

"ఏడస్తా లేదత్తా, కండ్లు మండతాండాయి" అంటే నమ్మలేదు. తనే నన్ను ఏడిపిస్తోందని వీధి వీధంతా అనుకుంటోందని ఆమె బాధ.

మెడికల్ షాపు చుక్కలతో తగ్గలేదు. పుంగనూరులో పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుకు చూపిస్తే "వయసమ్మా, అద్దాలు పెట్టుకో" అన్నాడు. ఒక్కసారి రెప్ప తిప్పి చూస్తే ఆయన సొమ్మేం పోయేది? అద్దాలు పెట్టుకున్నా పోగు అతకలేకపోయాను. మా ఇంట్లో ఆ పని వచ్చింది నాకొక్కదానికే. అది చేతకాకపోతే మగ్గం ఆగిపోతుంది.

చివరికి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. డ్రై ఐ అన్నారు. నీళ్ళు కారే కంటికి డ్రై ఐ ఏంటని నవ్వొచ్చింది. రెప్పల అంచున మైబోమియన్ గ్లాండ్స్ ఉంటాయట. వాటిలో నూనె గడ్డకట్టి బయటికి రావడం లేదు, నూనె లేక కన్ను ఆరిపోతోంది, ఆరిన కన్ను మండి నీళ్ళు కారుస్తోంది అని చెప్పారు. అంతవరకూ బాగానే చెప్పారు. "ఐపీఎల్ అని లైట్ ట్రీట్‌మెంట్ ఉంది" అంటూ అప్పుడే పడుకోబెట్టారు. కళ్ళకు మూతలు, బుగ్గలకు జెల్. చెవి దగ్గర నుంచి ముక్కు దాకా ఫట్ ఫట్‌మని వెలుగు.

"కాలతాండాది సార్" అన్నాను.

"ఓర్చుకోమ్మా, అందరికీ ఇట్లే ఉంటాది" అన్నాడు మిషన్ పట్టుకున్నతను.

ఓర్చుకున్నాను. ఇల్లు చేరేసరికి బుగ్గల మీద బొబ్బలు. అవి మానాక నల్లటి మచ్చలు మిగిలాయి, కంటి మంట అలాగే ఉంది. వెళ్ళి అడిగితే "ఒక్కొక్కరి స్కిన్ ఒక్కో మాదిరి" అన్నారు. ఆ సంగతి లైటు వేయక ముందు తెలియదా?

ఆ బొబ్బలు చూశాక మా అత్త మళ్ళీ ఏడుపు మాట ఎత్తలేదు. తనే ఎవరెవరినో అడిగి నన్ను కుప్పం తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ జరిగిందంతా విని, కళ్ళకన్నా ముందు నా చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులో చూసింది.

"మీ రంగుకు ఆ లైటు వేయకూడదమ్మా. చర్మంలో ఉండే నలుపే ఆ వేడినంతా పట్టేస్తాది. కాలకుండా ఎట్లుంటాది?"

పుట్టినప్పటి నుంచి నా రంగు చూడని వాళ్ళు లేరు. పెళ్ళిచూపుల్లో చూశారు. చీరల షాపులో ఇప్పటికీ చూస్తారు, "మీ కలర్‌కి ఇది నప్పదు" అంటారు. చూసి తీరాల్సిన ఆ ఒక్క గదిలో మాత్రం ఎవరూ చూడలేదు. ఈ కోపం నాకింకా పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

డాక్టరమ్మ నాకు వేరే లైటు పెట్టింది. లో లెవెల్ లైట్ థెరపీ అంటారు. ముఖానికి ఎర్రటి వెలుగు వచ్చే మాస్క్ పెడతారు, వెచ్చగా ఉంటుంది, కాలదు. తర్వాత రెప్పలు నొక్కితే పేస్టులాంటిది బయటికొచ్చింది. "కొన్ని గ్లాండ్స్ పోయినాయమ్మా, అవి తిరిగి రావు. ఉండేటివి కాపాడుకుందాం. బూడిద చేత్తో కన్ను ముట్టద్దు" అంది.

ఇప్పుడు రోజూ వేడి గుడ్డతో రెప్పలకు కాపడం పెట్టుకుంటాను. పూర్తిగా నయం కాలేదు. అయినా పడుగు అతుకుతున్నాను, ఆగి ఆగి. మధ్యలో నీళ్ళు కారితే మా అత్తే వచ్చి శుభ్రమైన గుడ్డతో తుడుస్తుంది.

మీకూ ఎవరైనా లైట్ ట్రీట్‌మెంట్ అంటే, పడుకునే ముందే "నా రంగుకు ఇది పనికొస్తుందా?" అని అడగండి. ముందు చెవి పక్కన కొంచెం వేసి, కాలుతుందేమో చూడమనండి. కాలుతుంటే మాత్రం ఓర్చుకోకండి, లేచి కూర్చోండి.