డెబ్బై మూడో మెట్టు

హత్సుయె కొగురెకి అరవై ఏడేళ్ళు. జపాన్‌లోని చిచిబు కొండల్లో, రాతి నక్కలు కాపలా కాసే ధాన్య దేవత గుడిలో ముప్పై ఏళ్ళుగా ఊడ్పూ కాపలా అన్నీ ఆమే. పూజారికి అలాంటి గుళ్ళు ఇంకో నాలుగున్నాయి. నెలకు రెండుసార్లు వచ్చి, మంత్రాలు చదివి, ఆమె కాచిన టీ తాగి వెళ్ళిపోతాడు. కింది ద్వారం నుంచి పైన గుడిదాకా నూట పన్నెండు మెట్లు. దేవదారు ఆకు ఏ కాలంలోనూ రాలడం మానదు. పొద్దున్న ఊడ్చిన మెట్టు మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే.

ఆ చాకిరీ ఆమెకు అలవాటైపోయింది. జనమే అలవాటు కాలేదు. ఐదేళ్ళ కిందట ఒక బొమ్మల సినిమా వచ్చింది. అందులో పదేళ్ళ పిల్ల ఒకతి, చనిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ అచ్చం ఈ మెట్లే ఎక్కుతుంది. డెబ్బై మూడో మెట్టు మీద కాలు పెట్టగానే గాలీ పిట్టలూ అన్నీ గప్‌చుప్ అయిపోయి, పోయినవాళ్ళ ఊరు మొదలవుతుంది. సినిమా దేశమంతా ఆడింది. అప్పట్నుంచి బస్సు దిగినవాళ్ళంతా మెట్లు లెక్కపెట్టేవాళ్ళే. ఆ మెట్టు మీద కళ్ళు మూసుకుని నిలబడతారు, ఫొటోలు దిగుతారు. మొక్కు పలకల మీద కోరిక రాయాల్సింది పోయి ఆ పిల్ల బొమ్మ గీసి వేలాడదీస్తారు.

"బామ్మగారూ, కింద నుంచి లెక్కపెట్టాలా, పై నుంచా?"

"నీ మోకాళ్ళు ఎటు ఒప్పుకుంటే అటు."

"సినిమా మీకు నచ్చిందా?"

"ఆఁ, ఆఁ. దారికి అడ్డం తప్పుకో."

నిజానికి ఆమె ఆ సినిమా చూడలేదు. ఆ మాట పైకి అంటే కథంతా చెప్పడానికి కూచుంటారని భయం.

ఇవాషిత తెయ్‌జి మాత్రం లెక్కపెట్టేవాడు కాదు. రైల్వేలో పనిచేసి రిటైరయిన మనిషి. రెండేళ్ళుగా ప్రతి నెలా రెండో గురువారం వచ్చి, తిన్నగా ఆ మెట్టు దగ్గరికి పోయి, ఒక అరగంట కూచుని దిగిపోయేవాడు. జూన్ ముసురులో ఒకరోజు హత్సుయెకి మోకాలు బాగా పోటు పెడుతోంది. తడిసిన ఆకులు రాతికి అంటుకుపోయి ఊడి రావడం లేదు. ఆయన అక్కడే కూచుని ఉన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"అయ్యా, ఎన్నాళ్ళిలా వచ్చి కూచుంటారు? అది ఎవరో పెన్సిల్‌తో గీసిన బొమ్మ. ఇక్కడ ఏ లోకమూ లేదు. ముప్పై ఏళ్ళుగా ఊడుస్తున్నాను, చెత్త తప్ప ఇంకేం దొరకలేదు నాకు!"

ఆయన గబుక్కున లేచి తల వంచాడు. "తప్పయిపోయిందండీ. బొమ్మేనని తెలుసు. ఆ పెన్సిల్ మా అమ్మాయిది."

ఆమె చీపురు ఆగిపోయింది.

ఆయన కూతురి పేరు చినత్సు. ఆ సినిమాకి బొమ్మలు గీసినవాళ్ళలో ఒకతి. ఈ మెట్ల ఘట్టం మొత్తం ఆమె చేతికే ఇచ్చారట. తెర మీద నలభై సెకన్లు, బల్ల దగ్గర ఐదు నెలలు. గీయడానికి ముందు తోటివాళ్ళతో వచ్చి మూడు రోజులు ఇక్కడే కూచుని చూసి వెళ్ళింది. సినిమా విడుదల కాకముందే, చలికాలంలో, రక్తానికి ఏదో జబ్బు చేసి పోయింది. ముప్పై ఒక్కేళ్ళు.

"గుడి ఆవిడ ముల్లంగి ఊరగాయ పెట్టిందని ఫోన్లో చెప్పింది. మీకు గుర్తుందా అండీ? పొట్టిగా ఉండేది. ఎడమ చేత్తో గీసేది."

ఉందని అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అబద్ధమాడి దాన్ని నిలబెట్టుకునే ఓపిక ఆమెకి లేదు.

"గుర్తులేదండీ. నలుగురొచ్చారు. అందులో ఒకడు తిండిపోతు, వాడొక్కడే గుర్తున్నాడు."

ఇవాషిత నవ్వాడు. "వాడి సంగతి మా అమ్మాయీ చెప్పింది."

సినిమా చూడలేదన్న సంగతి కూడా ఆమె అప్పుడే ఒప్పేసుకుంది. పై నెల ఆయన డిస్కు పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం గుడి గదిలో, పాత టీవీ ముందు ఇద్దరూ కూచున్నారు. పిల్ల మెట్లెక్కడం మొదలుపెట్టగానే హత్సుయె నిటారుగా కూచుంది. గాలి వీస్తే ముందు పడమటి దేవదారు వంగుతుంది, తర్వాతే మిగతావి. అది ఊడ్చేవాళ్ళకే తెలిసిన సంగతి. తెర మీదా అంతే, పడమటిదే ముందు వంగింది.

సినిమాలో చప్పుడంతా ఆగిపోయింది. డెబ్బై మూడో మెట్టు మీద ఒక ముసలమ్మ చీపురు ఒళ్ళో పెట్టుకుని, పిడికిలితో మోకాలు గుద్దుకుంటూ కూచుని ఉంది. "మధ్యలో నడవకే. నడిమి దారి దేవుడిది" అని పిల్లని కసిరింది. కసురుతూనే కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చింది.

హత్సుయె తన మోకాలి వైపు చూసుకుంది. పిడికిలి దాని మీదే ఉంది.

"ఇది నేనా?"

"ఆ రోజు మీరు కేకలేసినప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ."

"నా నడుం అంత వంగిపోయిందా?"

"అప్పటికి అంతేనేమో."

ఆమెకి నవ్వు రాలేదు. మూడు రోజులపాటు ఒక అమ్మాయి తనని అంత శ్రద్ధగా చూసింది. తను ఒక్కసారైనా ఆ అమ్మాయి మొహం సరిగ్గా చూడలేదు.

బస్సు వేళ కావడంతో ఆయన సినిమా మధ్యలోనే ఆపి డిస్కు తీశాడు.

"ఇంతకీ తమ్ముణ్ణి తెచ్చుకుంటుందా?" అని అడిగింది.

"లేదండీ. పలకరించి వచ్చేస్తుంది."

"అంతేనా?"

"అంతే."

ఆ చలికాలంలో హత్సుయె పని మానేసి, కింద ఊళ్ళో చెల్లెలింటికి చేరింది. రెండో గురువారం ఇవాషిత ముందు అక్కడ దిగి టీ తాగి, తర్వాత కొండెక్కుతాడు. ఆమె చినత్సు గురించి ఏదో ఒకటి అడుగుతుంది. ఏం ఇష్టంగా తినేది, ఎవరితో పోట్లాడేది. ఒకసారి ఆయన ఫొటో తెచ్చాడు. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఇప్పటికీ గుర్తు రావడం లేదండీ."

"ఫర్వాలేదు" అని ఆయన కప్పు ముందుకు జరిపాడు.