సీసా అడుగున మిగిలింది

కణాలు అంత బాగా పెరుగుతున్నాయని ల్యాబంతా సంబరపడింది. అసలు భయపడాల్సింది అప్పుడే. అవి జబ్బుపడిన ఊపిరితిత్తుల్లోంచి తీసిన కణాలు. అంత బద్ధకపు జీవాలు ఇంకెక్కడా ఉండవు. వేళకి ఆహారం పోసి, వెచ్చటి పెట్టెలో పడుకోబెట్టి, ఎంత బతిమాలినా ఫ్లాస్కు అడుగు నిండడానికి వారాలు తీసుకునేవి. అలాంటివి ఒక డిగ్రీ పిల్ల చేతిలో పడగానే ఎగబడి పెరగడం మొదలుపెట్టాయి. "నీ హస్తవాసి అలాంటిదమ్మా," అని మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. ల్యాబుకి పెద్ద ఆవిడే. ఆ మెప్పుకి ఆ పిల్ల నాలుగు రోజులు నేలమీద నడవలేదు.

ఆ పిల్లని అక్కడ అందరూ పొదుపక్క అంటారు. ఊరికే రాలేదు ఆ పేరు. చేతులు తుడుచుకునే కాగితాన్ని రెండుగా చింపి సగం దాచుకునే మనిషి. తల్లి ఓ హాస్టల్లో వంట చేస్తుంది. ఏ గిన్నె అడుగున ఏం మిగిలినా ఇంకో గిన్నెలోకి వంచుకోవడమే తప్ప పారబోయడం ఎరగని ఇల్లది. అలాంటి ఇళ్ళ నుంచి వైద్య పరిశోధనలోకి వచ్చేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. అందుకని, డిగ్రీ చదువుతుండగానే కొందరిని ఏరి, ల్యాబులో కూర్చోబెట్టి, చేయి తిరిగేలా పని నేర్పి పీహెచ్‌డీకి పంపే శిక్షణ ఒకటి ఆ కాలేజీలో నడుస్తోంది. ఆ ఏడాది మేడమ్ దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకరు పొదుపక్క, రెండోవాడు లారీ.

లారీ అంటే లారీ కాదు లెండి, మనిషే. మొదటి రోజు "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే "లారీ" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. లారీ తోలతారని పూర్తిగా చెప్పొచ్చు కదా! అంతే, ఆ పేరే అతుక్కుపోయింది. పొదుపక్క కంటే ఏడాది చిన్న. మాటకి ముందు "అక్కా", మాట చివర "అక్కా". మైక్రోస్కోపుకి కళ్ళు ఆనించాడంటే భోజనాల వేళ దాటిపోయినా లేచేవాడు కాదు. "ఒరేయ్, అందులోకి దూకేస్తావేంట్రా!" అని ఆమె వెక్కిరించేది.

ఇద్దరికీ ఒకటే పని. మేడమ్ ఏళ్ళ తరబడి నమ్ముకున్న ఒక మందుని ఆ కణాలమీద పోసి, చస్తాయో లేదో చూడటం. పొదుపక్క ఫ్లాస్కుల్లో తెల్లారేసరికి కణాలు చచ్చి పైకి తేలేవి. లారీ ఫ్లాస్కుల్లో మాత్రం ఎంత మందు పోసినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవి. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే.

"అదే మందు, అదే కొలత. ఆ అమ్మాయికి వచ్చింది నీకెందుకు రావట్లేదు?" అని అడిగింది మేడమ్. కేకలేసే మనిషి కాదు, నెమ్మదిగానే అడిగింది. అదే వచ్చిన చిక్కు. కేకలేసి ఉంటే కనీసం వాడికి కోపమైనా వచ్చేది. వాడు "మళ్ళీ చేస్తాను మేడమ్" అని తలూపి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి వాడిలో ఏదో మొదలైంది. చేతులు కడగడం ఎక్కువైంది. స్పిరిట్ రుద్ది రుద్ది వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది. చేసిందే చేసి, కొలిచిందే కొలిచి, చివరికి తను ఏం కొలిచాడో తనకే నమ్మకం లేక మొత్తం పారబోసి మొదటికొచ్చేవాడు. కణాల పని చేసే ఆ చిన్న గదిలో గాలి మర హోరు తప్ప ఇంకో చప్పుడుండదు. గాజు తలుపు అవతల సీనియర్లు నిలబడి చూసేవారు. "కొందరికి చేయి తిరగదంతే," అన్నాడొకడు, వాడికి వినపడేలా.

పొదుపక్క పాపం సాయం చేద్దామనే వెళ్ళింది. వాడి ఫ్లాస్కుని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. కణాలు సన్నగా, పొడుగ్గా, ఎడమెడంగా సాగి ఉన్నాయి. తర్వాత తన ఫ్లాస్కు పెట్టింది. గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. ఆ గుండ్రటివి ఆమెకి తెలుసు. పక్క అరలో సీనియర్లు పెంచే క్యాన్సర్ కణాలవి. కలుపు మొక్కల్లా పెరిగే రకం.

జరిగింది ఇదీ. ఏ కణాల ఆహారం సీసా ఆ కణాలకే వాడాలి. ఒకదాంట్లో మిగిలింది ఇంకోదాంట్లో పోయకూడదు. ల్యాబులో అడుగుపెట్టినవాడికి మొదట చెప్పే మాట అదే. ఆమెకీ చెప్పారు. కానీ ఒకరోజు సీనియర్ క్యాన్సర్ కణాల సీసా అడుగున మిగిలింది పారబోయబోతుంటే ప్రాణం ఉసూరుమంది. "అయ్యో, మంచిదాన్ని పారబోస్తారా ఎవరైనా!" అని తీసుకెళ్ళి తన సీసాలోకి వంచేసింది. లోపలున్న ఆహారం ఒకటే కదా అనుకుంది. ఆ అడుగున కంటికి కనపడని కణాలు కొన్ని ఉండిపోయాయి. ఆ కొన్నే చాలు. నెమ్మదస్తుల్ని తొక్కేసి ఫ్లాస్కు మొత్తం ఆక్రమించాయి. మందుకి చచ్చినవీ అవే. అసలు కణాలమీద ఆ మందు ఎందుకూ పనికిరాదు. అంటే లారీ చూపించిందే నిజం. ఆ ల్యాబులో సరిగ్గా పనిచేసిన చేతులు వాడివే.

అప్పుడే పరిగెత్తి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ వారంలోనే మేడమ్ ఆమె పీహెచ్‌డీ సీటుకి సిఫారసు పంపుతోంది. అది వెళ్ళనీ, మర్నాడే చెప్పేస్తాను అనుకుంది. పైగా ఇంకో భయం. సీనియర్ తప్పు చేస్తే అది సీనియర్ తప్పు. తను చేస్తే, "ఆ శిక్షణలో వచ్చేవాళ్ళంతా ఇంతే" అని అందరి నెత్తినా రుద్దుతారు. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే నోరు మూసుకుని రోజూ ల్యాబుకి వెళ్ళేది, ఆ గుండ్రటివాటికి ఆహారం పోసేది. అవి ఇంకా ఇంకా పెరిగేవి.

సిఫారసు వెళ్ళింది. మర్నాడు వచ్చింది, ఆమెకి నోరు రాలేదు. ఆ వారాంతం మీటింగులో మేడమ్ లారీని నిలబెట్టి, "నిన్ను ఇక్కడ కొనసాగించమంటావా, వద్దా? నువ్వే చెప్పు," అంది.

పొదుపక్క చెబుదామనే లేవబోయింది. ఈలోగా వాడే మాట్లాడాడు.

"వద్దు మేడమ్. నా చేయి మంచిది కాదు. అక్కకి వచ్చింది నాకు రావట్లేదంటే లోపం నాదే కదా."

కోటు విప్పి, మడతపెట్టి, కుర్చీలో పెట్టాడు. పోతూ పోతూ ఆమె దగ్గర ఆగి, "నువ్వు మాత్రం డాక్టరేటు కొట్టాలక్కా," అన్నాడు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది ఆమెకి.

ఆ సాయంత్రం అన్నం కెలుకుతూ కూర్చుంటే తల్లి గుచ్చి గుచ్చి అడిగింది. విషయం మొత్తం బయటికొచ్చింది.

"అయితే ఆ పిల్లాడు తన మీదేసుకుని పోతుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావా? ముద్ద ఎలా దిగుతోందే నీకు?"

"చెబితే నా సీటు పోతుందమ్మా."

"పోతే పోయింది. నాతోపాటు గరిటె తిప్పుదువుగాని. పొద్దున్నే వెళ్ళి చెప్పు."

వెళ్ళి చెప్పింది. రెండు ఫ్లాస్కులూ మేడమ్ ముందు పెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. మేడమ్ రెండూ మైక్రోస్కోపు కింద మార్చి మార్చి చూసింది. తల ఎత్తాక మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏళ్ళ తరబడి నమ్ముకున్న మందు కదా.

"సిఫారసు వెళ్ళకముందే తెలుసన్నమాట నీకు."

"తెలుసు మేడమ్."

"నీ సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు వెళ్ళి ఆ అబ్బాయిని తీసుకురా. వాడి చోటు వాడికుంది. నేను కూడా వాడికి క్షమాపణ చెప్పుకోవాలి."

లారీ ఫోను ఎత్తలేదు. తండ్రి సరుకు దింపే పార్సిల్ ఆఫీసులో పనికి కుదిరాడని తెలిసి ఆమె అక్కడికే వెళ్ళింది. వాడు అట్టపెట్టెలకి చిరునామాలు అంటిస్తున్నాడు. ఆమెని చూసి మొహం చేటంత చేసుకుని, స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. సీసా సంగతి, కణాల సంగతి, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న సంగతి ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నీదే కరెక్టురా. తప్పంతా నాది. మేడమ్ రమ్మంటోంది, పద."

వాడు అంతా శ్రద్ధగా విని నవ్వాడు. "నా కోసం ఇంత కథ అల్లావా అక్కా? ఇంత చేటు నీమీదేసుకుంటే, ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"కథ కాదురా, అమ్మతోడు! ఇదిగో, నువ్వే చూడు."

మైక్రోస్కోపులోంచి తీసుకున్న రెండు ఫ్లాస్కుల ఫొటోలూ ఫోనులో తెరిచి వాడి చేతిలో పెట్టింది. ఒకదాంట్లో గుండ్రటివి, ఒకదాంట్లో పొడుగాటివి. చంటిపిల్లలు కూడా పోల్చుకునే తేడా. వాడు దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. చూసింది చెప్పడానికి కూడా జంకుతున్నాడని ఆమెకి అర్థమైంది.

"ఏమోనక్కా. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు చివరికి. "చూశావా మరి? అందుకే చెప్పాను, నాకది రాదని."

"సరిగ్గా చూడరా, నీకు దండం పెడతాను!"

వాడు ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు. ఆమె అక్కడే, ఆ పెట్టెల మధ్య నిలబడి భోరున ఏడ్చేసింది. వాడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"ఊరుకో అక్కా, నీ తప్పేం లేదు," అని ఓదార్చి, లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఇంకో పెట్టె ఎత్తడానికి వెళ్ళిపోయాడు.