పోనిది పోయిందని చెప్పనివ్వని మేడం

మొన్న సోమవారం పొద్దున మేడిపల్లి నుంచి మేడం చెల్లెలు ఫోన్ చేసి, అక్క ఇక లేదని చెప్పింది. నాకు సీ ప్రోగ్రామింగ్ నేర్పింది ఆమే, నా ఉద్యోగం నిలబెట్టిందీ ఆమే. ఈ రెండో సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెబుతాను?

తొంభైల చివర్లో నాచారంలో, మీటర్లను పరీక్షించే యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్లం. నేను కొత్త, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. మేడం ఉప్పల్‌లో బస్సు మారి వచ్చేవారు. మేమంతా ఎప్పుడొచ్చినా హాజరు పుస్తకంలో తొమ్మిది అని గీకేసేవాళ్లం. ఆమె మాత్రం తొమ్మిదీ పదిహేడైతే తొమ్మిదీ పదిహేడే రాసేవారు. మాకు ఒళ్లు మండేది. మా అబద్ధం పక్కనే కనబడేది కదా మరి!

నా ప్రోగ్రాం రీడింగులను ఫైల్లో రాసేది. కొనేవాళ్లు అవి నేరుగా ప్రింటర్ మీదికి రావాలన్నారు. మార్చాల్సిన లైన్లు మూడొందల పైనే. తల పట్టుకున్నాను.

"రాసినయి ముట్టకు చెల్లె. అవి పోయే తొవ్వ మార్చు" అన్నారు మేడం. సొంతంగా ఒక స్ట్రీమ్, అంటే అక్షరాలు పారే దారి, కట్టమన్నారు. ప్రోగ్రాం ఫైల్లోకే రాస్తున్నానని అనుకుంటుంది. అక్షరాలు మాత్రం మనం రాసిన ఫంక్షన్‌కి వస్తాయి. అది వాటిని ప్రింటర్‌కి పంపి, ఎన్ని పంపిందో తిరిగి చెప్పాలి.

నేను అలవాటుకొద్దీ, పని సవ్యంగా అయిందన్న అర్థంలో సున్నా తిరిగిచ్చాను. ఒక్క అక్షరమూ ప్రింటర్‌కి పోలేదనుకుని, సీతో పాటు వచ్చే ఫంక్షన్ల లైబ్రరీ మొరాయించింది. విసుగొచ్చి, ఎన్ని వస్తే అన్నీ పంపేశానని చెప్పేలా రాసి పారేశాను. నిజంగా పోయాయో లేదో చూడలేదు. ప్రోగ్రాం నడిచింది, మురిసిపోయాను.

ట్రయల్ నాడు ప్రింటర్ కేబుల్ వదులైంది. నలభై రీడింగుల్లో కొన్ని కాగితం మీద పడనేలేదు. తెర మీద మాత్రం అన్నీ పంపానని చూపించింది. కొనడానికి వచ్చినాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తానన్నాడు మేనేజర్.

మేడం నా ఫంక్షన్‌ని వేలు పెట్టి ఒక్కో లైనూ చదివారు. "పోనిది పోయిందని చెప్తే, ఇగ దాన్ని ఎవరు దేవులాడుతరు చెల్లె?" అన్నారు. తిట్టినా బాగుండేది. నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లి, చూడకుండా వదిలిన తప్పు తనదీ అని, నాలుగు రోజులు కావాలని, ఈ పిల్లే సరిచేస్తదని చెప్పారు.

ఆ నాలుగు రోజులూ నా పక్క కుర్చీ వదల్లేదు. కీబోర్డు మాత్రం ముట్టలేదు. నేను అడిగితేనే జవాబు చెప్పేవారు. నేనూ పంతం పట్టాను. ప్రింటర్‌కి ఎన్ని చేరితే అన్నే చెప్పేలా, మిగిలినవి పోగొట్టకుండా దాచేలా మొత్తం తిరగరాశాను.

కొనడానికి ఆయనే మళ్లీ వచ్చాడు. పదో రీడింగు పడగానే మేడం లేచి, అందరి ముందూ కేబుల్ తానే పీకేశారు. ప్రింటర్ నిలిచిపోయింది. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది.

ఆమె తెర వైపు చూడలేదు, కొనడానికి వచ్చినాయన వైపూ చూడలేదు. కేబుల్ చేతిలో పట్టుకుని నావైపే చూస్తూ నిలబడ్డారు. నేను గట్టిగా చదివాను. పది పోయాయి, ముప్పై పోలేదు.