చనిపోయినవాడి కార్డు

మా వదిన ప్రెస్సు షెడ్డులో రేకులు వంచుతుంది. మాటకారి. భోజనాల వేళ ఆమె పక్కన కూర్చుంటే నవ్వి నవ్వి పొలమారాల్సిందే. అన్నయ్య పోయాక కూడా ఆ నోరు మూతపడలేదు, ఒక్క విషయంలో తప్ప. మిషన్లలో లోపాల గురించి మా షెడ్డులో ఎవరూ నోరెత్తరు. ఎత్తితే, అది బాగయ్యేదాకా దాని మీద వాళ్ళనే నిలబెడతారు. మూల ప్రెస్సు బ్రేకు జారుతోందని అన్నయ్యకు తెలుసు. ఆ భయానికే చెప్పకుండా ఊరుకున్నాడు. తన వంతు వచ్చిన రోజు దాని కిందే చెయ్యి పోయింది, ఆనక ప్రాణం పోయింది.

తర్వాత యాజమాన్యం గోడకు ఒక తెర బిగించింది. మన డ్యూటీ కార్డు చూపించి మాట్లాడితే చాలు, మన సలహా పేరుతో సహా అందులో కనిపిస్తుంది.

"మొహమాటం వద్దు, ఏం తోస్తే అది చెప్పండి," అని సూపర్‌వైజర్ బతిమాలాడు.

ఎవరు చెబుతారు? నల్లగా మెరిసే ఆ తెరలో చూసుకుని తల దువ్వుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం అది వెలిగింది. అన్నయ్య పేరు. కింద, "మూల ప్రెస్సు బ్రేకు మళ్ళీ జారుతోంది." షెడ్డంతా కొయ్యబారిపోయింది. విప్పి చూస్తే బ్రేకు నిజంగానే అరిగిపోయి ఉంది.

సాయంత్రం వదినను అడిగితే తన సంచిలోంచి అన్నయ్య కార్డు తీసింది.

"నేనేలే అబ్బాయ్. చచ్చినవాడికి ఏ డ్యూటీ వేస్తారు?" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కార్డు తెచ్చివ్వమని ఆఫీసు కబురు చేసింది. మర్నాడు నేనే ఇచ్చొచ్చాను. నా కళ్ళెదుటే దాన్ని కత్తిరించి పారేశారు. తిరిగొచ్చి నా ప్రెస్సులో రేకు సర్దుతుంటే ఎదురుగా తెర వెలిగింది. మళ్ళీ అన్నయ్య పేరే.

"చంటోడా, చెయ్యి తియ్."

నన్నలా పిలిచేది అన్నయ్య ఒక్కడే, అదీ ఇంట్లోనే. చెయ్యి లాక్కున్నాను. ఎవరూ మీట నొక్కకుండానే ప్రెస్సు దభీమని దిగింది. నా వేళ్ళు నేనే తడుముకుంటూ ఏడ్చేశాను.

వదిన వచ్చి ఆ అక్షరాలు చదివింది.

"పోయినా ఆయన్ని డ్యూటీ దిగనివ్వలేదు మనం," అంది.

తన కార్డు తెరకు చూపించి, "ఈ ప్రెస్సుకు బ్రేకు పట్టడం లేదు," అని గట్టిగా చెప్పింది. ఆమె పేరు కనిపించింది. ఆమెను ఆ ప్రెస్సు మీద నిలబడమనడానికి సూపర్‌వైజర్‌కు నోరు రాలేదు. ఆమె వెనకే అందరం కార్డులు పట్టుకుని వరస కట్టాం.

అన్నయ్య పేరు మళ్ళీ రాలేదు. షిఫ్టు దిగేటప్పుడు ఇప్పటికీ ఆ తెర వైపు చూస్తాను. ఇంకొక్కసారి పిలిస్తే బాగుండును.