మోకాలి లోతు బావి

నా పేరు కాళియప్పన్. ధర్మపురి జిల్లాలో పాలక్కోడు పక్కన మహేంద్రమంగళం మా ఊరు. మావాళ్ళు ఎన్నో తరాల కిందట తెలుగు సీమ నుంచి వచ్చి ఇక్కడ నిలిచినారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మట్టి తవ్వేది, బండ కొట్టేది మా పని. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినాను. అది అరవ బడి. తెలుగు అక్షరాలు మాత్రం మా తాత గడ్డపార మొనతో నేలమీద గీసి నేర్పించినాడు. ఈ పొద్దు మా పేటలో తెలుగు రాయగలిగినవాడు నేనొక్కడినే. అందుకే ఇది నేనే రాస్తున్నాను. వేరేవాళ్ళు రాస్తే తగ్గించి రాస్తారు.

ఈ చుట్టుపక్కల నేను తవ్విన బావులు ఒకటా, రెండా? మా ఊరి దొరసామి నాయుని మామిడితోట బావి నాది. హరూరు దారిలో నల్లబండ తగిలినా విడవకుండా దింపిన బావి నాది. దాంట్లోకి తొంగి చూస్తే ఇప్పటికీ మగవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి. వత్తల్‌మలై మీద, కొండ నెత్తిన నీళ్ళు పడవని అందరూ చేతులెత్తేసిన చోట నీళ్ళు చూపించి పూలమాల వేయించుకొన్నాను. నేను బండలో పెట్టిన మందు ఒక్కసారి కూడా తప్పు పేలలేదు. నా కింద పని చేసినవాళ్ళలో ఒక్కరికీ వేలు కూడా పోలేదు. ఈ మాట చెప్పగలిగిన మేస్త్రీ ఈ తాలూకాలో ఇంకొకడు ఉంటే వచ్చి నా ముందర నిలబడమనండి.

1984లో హరూరు బావిలో నీళ్ళు పడిన రోజు, ఆ బావి ఆసామి బాలసుందరం నాకు కొత్త పంచె పెట్టి, అందరూ వింటుండగా అడిగినాడు.

"కాళియప్పా, ఇన్ని నీళ్ళు చూసినావు. సముద్రం చూసినావా?"

"లేదు" అన్నాను. నా నోటికి ఆ మాట అలవాటు లేదు.

ఇంటికి వచ్చి నా భార్య కుప్పాయితో చెప్పినాను. అది రాగులు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"అయితే పోయి చూసి రా. వైకాశి నెల ఎండకు ఎట్లాగూ పని లేదు. నువ్వు ఇంట్లో ఉంటే నా పనికి అడ్డం."

"ఒక్కడినే పోతాను."

"తోడు పక్కింటి పెరియసామి అన్నను పిలుచుకొని పోరాదా?"

"ఇద్దరం పోతే తిరిగి వచ్చినాక ఇద్దరం చెప్తాము. నేనొక్కడినే చెప్పాల."

అది నవ్వి, పాత టార్పాలిన్ కత్తిరించి, బడి పిల్లలకు మాదిరి రెండు భుజాలకూ తగిలించుకొనే సంచి కుట్టి ఇచ్చింది. దాంట్లో ఒక పంచె, తువాలు, రాగిపిండి, బెల్లం, చెంబు, ఉలి, సుత్తి, పిడి తీసేసిన నా పార. పార లేకుండా నేను మా మామగారి ఊరికి కూడా పోయినవాణ్ణి కాదు. బయలుదేరేటప్పుడు కుప్పాయి ఒకటే మాట చెప్పింది.

"అన్నం పెట్టిన ఇంట గంప మట్టి మరవొద్దు."

ఇది మా ఇంటి పద్ధతి. పరాయి ఇంట ఒక పూట తింటే, అక్కడినుంచి కదిలే లోపల వాళ్ళకోసం ఒక గంప మట్టి అయినా ఎత్తి పోయాల. మా తాత అట్లే చేసినాడు, మా నాయన అట్లే చేసినాడు. నేను ఒక్కనాడూ తప్పలేదు.

హరూరు నుంచి తిరువణ్ణామలై బస్సు, అక్కడినుంచి ఇంకొకటి, ఇంకొకటి. పుదుచ్చేరిలో దిగి తూర్పుగా నడిచినాను. వీధి అయిపోయింది, సముద్రం వచ్చింది. నేను చాలాసేపు నిలబడే ఉన్నాను. జీవితమంతా బావి అడుగున నిలబడి పళ్ళెం అంత ఆకాశం చూసినవాణ్ణి. ఇక్కడ చూస్తే ఆకాశానికీ గట్టు లేదు, నీళ్ళకూ గట్టు లేదు. ఇంతమటుకు తవ్వింది ఎవరో గాని నాకంటే మంచి మేస్త్రీ అనుకొన్నాను. ఇంకొకణ్ణి నాకంటే మంచి మేస్త్రీ అని నేను ఒప్పుకొన్నది ఆ ఒక్కసారే.

అక్కడినుంచి సముద్రాన్ని ఎడమచేతి పక్క పెట్టుకొని దక్షిణంగా నడిచినాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తడి ఇసుకమీద నడిచేది, ఎండ ఎక్కితే సవుకు తోపుల్లో, అంటే సరుగుడు చెట్ల నీడలో దూరేది. ఆ ఎండ మా ఎండ మాదిరి కాదు. మా దగ్గర ఎండ బండమీద పడి మళ్ళీ మన మొగానికే కొడుతుంది. అక్కడ ఎంత ఎండైనా వెనకాలే గాలి వస్తుంది.

ఆ జనం సంగతి చెప్పాల. ఎవరినీ నేను అన్నం అడగలేదు, ఎవరూ నన్ను అడగనియ్యలేదు. వల బాగు చేసుకొంటున్నవాడు తలెత్తి "తిన్నావా?" అంటాడు. లేదు అనే లోపల ఇంట్లోకి కేక వేస్తాడు. చేపల పులుసు, ఎండు రొయ్యల వేపుడు, కొబ్బరి వేసిన అంబలి. మా రాగిపిండి తీసి ఇస్తే, ధర్మపురి రాగులు అని వాసన చూసి పక్కింటికి కూడా చేతినిండా పంచినారు. ఒక ఇంట రుబ్బురోలు నున్నగా అరిగిపోయి ఉంటే ఉలితో గంట్లు కొట్టి ఇచ్చినాను. ఆ ఇంటామె "అయ్యో, చుట్టంతో పని చేయించుకొంటామా" అని, చేసినందుకు మళ్ళీ ఇడ్లీ పెట్టింది. దానికి మళ్ళీ వాకిట్లో ఒక గంప ఇసుక పోసినాను. దానికి మజ్జిగ ఇచ్చింది. ఇట్లయితే ఈ తీరానికి నేను ఎప్పటికీ బాకీ తీర్చలేనని దండం పెట్టి సంచి తగిలించుకొన్నాను.

కడలూరు దాటినాక ఒకనాటి పొద్దున ఒక కుప్పం వచ్చింది. చేపలు పట్టేవాళ్ళ ఊర్లను అక్కడ కుప్పం అంటారు. ఇసుకమీద చేపలు ఎండబెట్టి, కాకుల్ని తోలుతూ ఒక ముసలామె కూర్చుని ఉంది. పచ్చయమ్మాళ్ ఆమె పేరు. నన్ను కిందినుంచి మీద దాకా చూసింది.

"ఏమప్పా, ఈ వయసులో బడికి పోతున్నావా? వీపున సంచి వేసుకొన్నావు?"

"ధర్మపురి నుంచి వస్తున్నాను, అవ్వా. సముద్రం చూసేకి."

"చూసినావు గదా. ఇంక కూర్చో, తిను. రేపు పొద్దున మా మనవరాలు కణ్ణగి పెండ్లి. పెండ్లి ఇంటి ముందర నిలబడి పెండ్లి చూడకుండా పోతే నీకు మంచిది కాదు, మాకూ మంచిది కాదు."

కణ్ణగి వచ్చి చెంబుతో నీళ్ళు ఇచ్చి, "పెరియప్పా, కూర్చోండి" అనింది. పెదనాయన అని అర్థం. నాకు అన్నదమ్ముల బిడ్డలు లేరు. ఆ పిలుపు నాకు అక్కడే మొదలు.

తినేసి చెయ్యి కడుక్కొన్నానో లేదో, మాయాండి అనేవాడు వట్టి చేతులతో నడిచి వచ్చినాడు. దూరంగా ఉన్న పల్లె నుంచి పీపాల బండిలో ఆ కుప్పానికి మంచినీళ్ళు తెచ్చేది అతనే. పెండ్లి వంటకు నీళ్ళు తేవాల్సింది ఆ సాయంత్రం లోపలే. దారిలో బండి ఇరుసు విరిగింది, ఎద్దుకు కాలు బెణికింది. ఊరి చేతిపంపులో వచ్చేది ఉప్పునీళ్ళు. ఇంక ఉన్నది ఇసుకదిబ్బ వెనకాల చేసుకొన్న ఒక చిన్న ఊటగుంట. అది తాగేకి సరిపోతుంది, పెండ్లికి చాలదు.

పెండ్లికొడుకు మేనత్త అప్పుడే వచ్చి అరుగుమీద కూర్చుని ఉంది. "మా కుప్పంలో నీళ్ళకు ఎప్పుడూ ఇబ్బంది లేదు" అని గాలిలోకి చెప్పినట్టు చెప్పింది. కణ్ణగి ఇంట్లోకి పోయింది. తలుపు చాటునుంచి అవ్వతో అంటున్నది నాకు వినబడింది.

"ఉప్పునీళ్ళ సాంబారు పెట్టిన పిల్ల అంటారు, అవ్వా. నేను ముసలిదాన్ని అయ్యేదాకా అత్తింట్లో ఆ పేరే నాకు."

నేను లేచినాను. సంచిలోనుంచి పార తీసినాను. అందరూ వినాలని గట్టిగానే చెప్పినాను.

"నేను మహేంద్రమంగళం కాళియప్పన్ని. పొద్దు గుంకే లోపల పెండ్లికి సరిపడా మంచినీళ్ళు ఇస్తాను. ఇయ్యలేకపోతే ఈ పార ఇక్కడే వదిలిపెట్టి పోతాను. జన్మలో మళ్ళీ బావి తవ్వను."

మేనత్త నా పక్క తిరిగి చూసింది. ఇంక వెనక్కి పోయేకి లేదు.

పారకు ఒక సవుకు కర్ర పిడిగా వేసుకొని నేరుగా ఆ ఊటగుంట దగ్గరికి పోయి దిగబోయినాను. పచ్చయమ్మాళ్ ఆ వయసులో ఎట్లా పరిగెత్తిందో, నాకంటే ముందర పోయి గుంట గట్టుమీద కాళ్ళు చాపి కూర్చుంది.

"ఏం చేస్తావు?"

"లోతు చేస్తాను, అవ్వా. లోతు పోయేకొద్దీ నీళ్ళు."

"లోతు పోయేకొద్దీ ఉప్పు. నన్ను పూడ్చి దానిమీద తవ్వు."

"అవ్వా, నేను ఎన్ని బావులు..."

"ఎన్నైనా తవ్వుకో, మీ కొండల్లో. చూడాలంటే అదిగో, ఆ సవుకు చెట్టు పక్కన చూసుకో. అక్కడ ఉప్పు పడితే చెట్టుకు కోపం రాదు."

సవుకు చెట్టు పక్కనే తవ్వినాను. బండ లేదు, రాయి లేదు, పార వెన్నలో దిగినట్టు దిగింది. రొమ్ములోతు పోయే లోపల నీళ్ళు గుబగుబ వచ్చినాయి. అంత సులభంగా నాకు ఎన్నడూ నీళ్ళు పడలేదు. దోసిట్లో పట్టి నోట్లో పోసుకొన్నాను. సముద్రంలో మునిగి నోరు తెరిచినట్టుంది. పైన నిలబడ్డ ఆడవాళ్ళు నా మొగం చూసి పైట నోట్లో కుక్కుకొన్నారు.

"ఎట్లుంది, మేస్త్రీ?" అనింది ఒకామె. "చేపలు వేస్తే పులుసు అయిపోతుంది గదా?"

నేను బయటికి వచ్చి ఊటగుంట పక్కన కూర్చున్నాను. పెండ్లికూతురు కణ్ణగే కుండ నింపుతా ఉంది. కుండ ముంచలేదు. కొబ్బరిచిప్పతో పైపైన, పాలమీద మీగడ తీసినట్టు తీసి పోస్తా ఉంది. కొంచెం తీసి ఆగుతుంది. నీళ్ళు మళ్ళీ ఊరినాక ఇంకొంచెం. అప్పుడు నాకు తెలిసింది. ఇక్కడ మంచినీళ్ళు కిందకు లేవు. ఉప్పునీళ్ళమీద పలచగా పరుచుకొని ఉన్నాయి. లోతు పోతే మీగడ చినిగిపోతుంది. లోతు కుదరనప్పుడు పొడవు పోవాల.

దిబ్బ వెనకాల, సముద్రం లేని పక్క, మోకాలి లోతుకు మించకుండా పొడుగ్గా తవ్వడం మొదలుపెట్టినాను. మధ్యాహ్నం వలలు దులుపుకొని వచ్చిన మగవాళ్ళు చుట్టూ చేరినారు.

"బావి తవ్వుతానని కాలవ తవ్వుతున్నావేం, ధర్మపురన్నా? మా పడవ ఇట్లా తిప్పమంటావా?"

"పడవ వద్దు. పాత కట్టుమరం దుంగలు ఉంటే పట్టుకొని రా. ఇసుక జారుతోంది."

నవ్వుతూనే తెచ్చినారు. తాటిమట్టలు తెచ్చినారు. రెండు పక్కలా దుంగలు ఆనించి, మట్టలు పరిచి, అందరూ వరసగా నిలబడి ఇసుక ఎత్తి పోసినారు. ఇంతమంది నా కింద పని చేయడం అదే మొదలు. వాళ్ళలో ఒక్కడూ కూలి అడగలేదు. నేనే మధ్యలో రెండుసార్లు అంబలి తాగినాను.

పొద్దు సవుకు చెట్ల వెనక్కి పోయేటప్పటికి కాలవ అడుగున ఇసుక నల్లబడింది. తరువాత మెరిసింది. తరువాత నీళ్ళు నిలిచినాయి. నన్ను రుచి చూడమన్నారు. నేను వద్దన్నాను. చిప్ప పచ్చయమ్మాళ్ చేతికి ఇచ్చినాను.

ఆమె నోట్లో పోసుకొని కళ్ళు మూసుకొంది. మేనత్త కూడా అరుగు దిగి వచ్చి నిలబడింది. అవ్వ మింగింది. వంగి రెండో చిప్ప తాగింది. తరువాత వెనక్కి తిరిగి, "నిలబడి చూస్తారేం, కుండలు తీసుకొని రాండి" అనింది.

ఆడవాళ్ళు కాలవ పొడవునా చిప్పలు పట్టుకొని వరసగా కూర్చున్నారు. ఊరిలో ఉన్న కుండలన్నీ నిండినాయి, వంట అండాలు నిండినాయి.

పెండ్లిలో నన్ను మగపెండ్లివాళ్ళతో సమంగా మొదటి పంతిలో కూర్చోబెట్టినారు. సాంబారులో ఉప్పు తక్కువైందని మేనత్త అడిగి వేయించుకొంది. ఆ మాటకు పెండ్లికూతురు తల వంచుకొని నవ్వింది. అది నేను చూసినాను.

మధ్యాహ్నం సంచి తగిలించుకొంటే పచ్చయమ్మాళ్ పట్టె పట్టి లాగింది.

"ఎక్కడికి? పూటకు ఒక గంప మట్టి ఎత్తాల మీ ఇంటి పద్ధతిలో, చెప్పినావు గదా. నువ్వు ఎత్తిన ఇసుకకు మేము ఎన్ని పూటలు పెట్టాలో నువ్వే చెప్పు."

నేను సంచి దించి కింద పెట్టినాను. అమావాస్య దాటేదాకా అక్కడే తిన్నాను. నేను ఇల్లు చేరేటప్పటికి కుప్పాయి నన్ను చూసి, "సముద్రాన్ని చూసి వచ్చినావా, తినేసి వచ్చినావా?" అనింది.

నాలుగేండ్ల తరువాత కణ్ణగి మొగుణ్ణి, బిడ్డను వెంటబెట్టుకొని మహేంద్రమంగళం వచ్చింది. ఎండుచేపల వాసన బస్సు దిగక ముందే మా పేటకు తెలిసింది. ఆ కాలవ ఇప్పటికీ ఉందనీ, ఏటా ఇసుక తీస్తారనీ, దాన్ని ధర్మపురన్న బావి అంటారనీ చెప్పింది. నేను కణ్ణగిని దొరసామి నాయుని తోటకు తీసుకుపోయి నా బావి చూపించినాను. గట్టు పట్టుకొని లోపలికి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"పెరియప్పా, ఇంత లోతు తవ్వినారే. ఉప్పు పడలేదా?"

నేను చేది ఇచ్చినాను. ముందు నాలుకతో తాకి చూసి, తరువాత గటగట తాగింది. ఊరికి పోయే రోజు కుప్పాయి వద్దు వద్దంటున్నా వినకుండా, పట్టుచీర కొంగు బిగించి, మా వాకిట్లో ఒక గంప మట్టి ఎత్తి పోసి బస్సెక్కింది.