చెమ్మ మీటరు, మా గైడు

మా పీహెచ్‌డీ గైడు పోయారని మొన్న మంగళవారం ఫోనొచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. నేను పంపిన పేపరొకటి మూడు నెలలుగా ఆయన దగ్గరే ఉంది. ఎర్ర సిరాతో "మళ్లీ చూసుకో" అని రాసి పంపుతారని ఎదురుచూస్తున్నాను. ఆ మాటైనా రాయకుండా వెళ్లిపోయారు.

తొంభైల చివర్లో ఆయన దగ్గర నేను చేసిన పని, కాఫీ గింజ ఎంత ఆరిందో చెప్పే చిన్న మీటరు. గాజు ముక్క మీద నానో రేణువుల పొర. చెమ్మ తగిలితే అందులో పారే కరెంటు మారుతుంది. ల్యాబులో చక్కగా పనిచేసింది. థీసిస్ ఇచ్చేస్తే లెక్చరర్ ఉద్యోగం దాదాపు ఖాయం. సార్ ఒప్పుకోలేదు. "ల్యాబులో కాఫీ పండదయ్యా" అని, మన్యం కొండల్లో డుంబ్రిగుడ దగ్గర ఓ రైతు ఇంట్లో ఆ మీటర్ని సీజనంతా పెట్టించారు.

సీజనయ్యాక ఇద్దరం వెళ్లాం. ఆ ఇంటావిడ పొయ్యి మీది అటక మీంచి ఒక గుడ్డమూట దించింది. విప్పితే నా మీటరు, మసిబారిపోయి. ముల్లు కదల్లేదు.

"అక్కడెందుకు పెట్టారమ్మా?" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఇత్తనాలు అక్కడే ఎడతాం బాబూ. సెమ్మ తగిలితే పాడైపోద్ది కదా."

చెమ్మ కొలిచేదాన్ని చెమ్మ తగలకుండా దాచారని సార్ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తిరుగు బస్సులో తీర్పు చెప్పారు: "ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పలేదు. ఇది కూడా ఓ చాప్టర్‌గా రాయి. ఇంకో సీజను చెయ్యి."

ఉద్యోగం వేరొకరికి పోయింది. నెల్లాళ్లు ఆయనకి నమస్కారం పెట్టలేదు. ఆయన గమనించినట్టే లేరు, అది ఇంకా మంట. ఇప్పుడు నా విద్యార్థుల్ని నేనూ అలాగే విసిగిస్తున్నాను. ఆయన వల్లే పని నేర్చుకున్నానని మాత్రం ఒక్కసారీ చెప్పలేకపోయాను. ఆ బాధ ఎవరి మీద చూపించను?

అప్పట్లో, ఆ మరుసటి కోతలకి ఆయనే ముందు బయల్దేరారు. "మీరైతే ఎక్కడ పెడతారమ్మా?" అని ఆ ఇంటావిణ్ణే అడిగారు. ఆమె గింజలు ఆరబోసిన కళ్లం అంచున ఒక గుంజ చూపించింది. యాభై దాటిన ప్రొఫెసరు అలికిన నేల మీద మోకాళ్లూని మీటరు కడుతున్నారు.

"ఇక్కడేనా?"

"ఇంకాస్త కిందకి బాబూ."

ఆయన కిందకి జరిపారు. నేను వైరు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, ఇంకా కోపంగానే.